తాలు కుప్పలో పడని చెయ్యి

అంకమ్మ కుడి చేతి మీద, మోచేతికి బెత్తెడు కిందగా, కందిగింజంత ఎర్ర బుడిపె ఒకటి పదేళ్ళ నుంచీ ఉంది. పండుమిరప రంగు. నొప్పి లేదు, దురద లేదు, ఎవరికీ అడ్డం లేదు. మిరపకోతల రోజుల్లో అయితే అది బయటికి కనిపించను కూడా కనిపించదు. కోత కోసే ఆడవాళ్ళందరూ చీరల మీద మొగుళ్ళ పాత చొక్కాలు వేసుకుంటారు, ఘాటు ఒంటికి ఎక్కకుండా. అంకమ్మ వేసుకునే చొక్కా ఆమె మొగుడు జక్రయ్యది. మోచేతుల దగ్గర రెండుసార్లు అతుకు పడింది.

ఆ ఏడు రెండో కోత ముగిసిన మధ్యాహ్నం, అన్నాలకని చేతులు కడుక్కుంటూ ఆమె చొక్కా చేతులు పైకి మడిచింది. చెంబుతో నీళ్ళు పోస్తున్న సుబ్బరావమ్మ పోయడం ఆపేసింది.

"వదినా! ఇదేందే, ఇట్టా నల్లబడింది?"

అంకమ్మ చూసుకుంది. నిన్నటిదాకా ఎర్రగా ఉన్న బుడిపె బొగ్గులా ఉంది. కాస్త ఉబ్బింది కూడా. అంచు చుట్టూ మాత్రం సన్నటి ఎర్ర గీత మిగిలింది.

"టిక్కీ తగిలుంటది. మొన్న లారీకెత్తేటప్పుడు చెయ్యి ఒరుసుకుంది" అంది. టిక్కీ అంటే ఎండు మిరపకాయలు తొక్కి నింపిన గోనెబస్తా. దాని ఒరిపిడి రంపం లాగే ఉంటుంది.

"ఒరుసుకుంటే తోలు లేస్తది గానీ నల్లబడుద్దా? కాయకుళ్ళు పట్టిన కాయలాగా ఉంది చూడు."

చుట్టూ ఉన్నవాళ్ళు ముద్దలు పట్టుకున్న చేతులతోనే మెడలు సాచారు. మిరప చేలలో బతికేవాళ్ళకి ఎర్రటి దాని మీద నల్ల మచ్చ కనిపిస్తే వేరే ఆలోచన రాదు. పండుకాయ మీద మొదట సూదిమొనంత చుక్క పడుతుంది. నాలుగు రోజులకి గుండీ అంతవుతుంది. లోపల గింజ దాకా తినేస్తుంది. అలాంటి కాయ ఒక్కటి కల్లంలో కలిసినా పక్కవాటిని పాడుచేస్తుంది. అందుకే కాయలు ఎండబోసిన చోట ఆడవాళ్ళు వరసగా కూర్చుని, రంగు చెడినవీ మచ్చ పడినవీ ఏరి వేరే కుప్ప వేస్తారు. ఆ కుప్పకి తాలు అని పేరు. ఏది మంచి కాయో ఏది తాలో ఇరవై ఏళ్ళుగా ఆ ముఠాకి నేర్పింది అంకమ్మే. "అనుమానం వచ్చిందా, అవతల పారెయ్. ఆలోచించమాక" అని అందరిచేతా వల్లె వేయించిందీ ఆమే.

ఆ పాఠం ఇప్పుడు ఆమె చెయ్యి మీదికే వచ్చి కూర్చుంది.

అంకమ్మకి యాభై ఆరేళ్ళు. అద్దంకి వైపు నుంచి ప్రతి జనవరిలో ఇరవై ఇద్దరు ఆడవాళ్ళనీ, బస్తాలు మోసే నలుగురు మగవాళ్ళనీ వెంటబెట్టుకుని ప్రత్తిపాడు దగ్గర యలమందయ్య చేలకి వస్తుంది. వేసవి ముదిరేదాకా అక్కడే రేకుల షెడ్డులో కాపరం. ముఠాకి ఆమే మేస్త్రి. ఎవరు ఏ సాలు పట్టాలి, ఎవరికి కళ్ళు తిరుగుతున్నాయి, ఎవరు తిరుగుతున్నట్టు నటిస్తున్నారు, అన్నీ ఆమె ఒక చూపుతో తేలుస్తుంది. ఆమె కేక వేస్తే డొంకలో వెళ్ళే స్కూటరు కూడా తననేమో అని ఆగుతుంది.

యలమందయ్యకి ఒక పట్టింపు ఉంది. ప్రతి కోతలోనూ మొదటి గుప్పెడు పండుకాయలు ముఠా మేస్త్రి కుడిచేత్తో కోసి, ఆయన భార్య శివపార్వతి కొంగులో పోయాలి. ఆ తరవాతే మిగతావాళ్ళు సాళ్ళలోకి వంగాలి. అంకమ్మది మంచి హస్తవాసి అని ఆయన పదిమందిలో చెప్పుకునేవాడు. అదే మనిషి మర్నాడు పొద్దున్నే స్కూటరు మీద షెడ్డు దగ్గరికి వచ్చి, దిగకుండానే పిలిచాడు.

"అంకమ్మా, ఏదీ ఆ చెయ్యి?"

ఆమె చూపించింది. ఆయన అంత దూరం నుంచే చూశాడు.

"పల్లపు మూల చెట్లకి ఇప్పటికే కుళ్ళు తగిలింది. నిరుడు పక్క చేను ఏమైందో నువ్వూ చూశావు. మూడో కోత సుబ్బరావమ్మ చేత మొదలుపెట్టిస్తా. నువ్వు షెడ్డు దగ్గర కూర్చో. కూలికేం లోటు రాదులే."

"కూర్చోబెట్టి ఇచ్చేదాన్ని కూలి అనరయ్యా."

"మరేమంటారు?"

"ఏమో, ఎప్పుడూ తీసుకోలా, పేరు తెలీదు. అయినా నా ఒంటి మీద మచ్చకీ మీ చేలో తెగులుకీ ఏంది సంబంధం? నేనేమన్నా చెట్టుకి కాశానా?"

వెనక ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. యలమందయ్య నవ్వలేదు.

"మూడో కోతకి ఇరవై రోజులుంది. అప్పటికి చెయ్యి శుభ్రపడితే నువ్వే మేస్త్రివి. పడకపోతే సుబ్బరావమ్మ. వచ్చే ఏడు కూడా ఆమే. ఇంక మాట్లాడేదేం లేదు."

"మీకు లేదు. నాకుంది. ఆ రోజు మాట్లాడతా" అంది అంకమ్మ.

స్కూటరు వెళ్ళిపోయింది. ఆ పూట కల్లంలో కూర్చుని తాలు ఏరుతూ, మచ్చపడిన కాయ చేతికి వచ్చినప్పుడల్లా దాన్ని తన చేతి పక్కన పెట్టి చూసుకుంది. నలుపు నలుపే. అటు కాయలో ఉన్నది ఇటు తనలో లేదని చెప్పడానికి ఆమె దగ్గర ఏ రుజువూ లేదు. అవతల వరసలో ఎవరో రాచపుండు అని గుసగుసలాడారు. అంకమ్మ తల ఎత్తకుండానే, "గట్టిగా అనవే, ఘాటుకి చెవులు మూసుకుపోయినై" అంది. గుసగుస ఆగిపోయింది గానీ, ఆ మాట ఆమె చెవిలో ఆగలేదు.

సాయంత్రం సుబ్బరావమ్మ ఒక డబ్బా మూతలో సున్నం, చాకలి సోడా కలిపి పట్టుకొచ్చింది.

"పులిపిరికి ఇది పెడితే మూడు రోజుల్లో కాలి ఊడిపోద్ది. పెట్టించుకో వదినా."

"ముందు నీ నాలిక్కి పెట్టుకో. మచ్చ సంగతి రైతు ఇంటిదాకా మోసింది అదేగా."

"నీ మంచికేనే!"

"నా మంచికా, నా మేస్త్రి పనికా?"

సుబ్బరావమ్మ మూత అక్కడే పెట్టి చక్కాపోయింది. పోతూ పోతూ ఒకసారి వెనక్కి చూసింది, నిజంగా నొచ్చుకున్నదానిలాగే. ఆమె మనసులో రెండూ ఉన్నాయని అంకమ్మకి తెలుసు. మనిషన్నాక ఉండవా మరి!

మర్నాడు మధ్యాహ్నం అంకమ్మ కాసేపు కునుకు తీస్తుంటే చేతి మీద ఏదో పాకినట్టయింది. కళ్ళు తెరిస్తే, జక్రయ్య గొంతుక్కూర్చుని, నాలిక బయటపెట్టి, బుడిపె చుట్టూ గోతాలు కుట్టే దారం బిగిస్తున్నాడు.

"ఏందయ్యా ఇది? తాడు కడతన్నావ్, నేనేమన్నా గేదెనా?"

"కదలమాకే! నెత్తురు అందకపోతే అదే ఎండి రాలుద్ది. మా నాయన మెడకాయ మీద పులిపిరికి ఇట్టాగే..."

"ఇది పులిపిరో కాదో నీకెట్టా తెలుసు?"

జక్రయ్య దారం వదిలేశాడు. ఆ మనిషి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు రోజులుగా చర్చి నుంచి తెచ్చిన ప్రార్థన నూనె సీసా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు, రాయమని అడగడానికి భయపడి.

"నాకేం తెలుసే. నాకు భయమేస్తంది, అంతే" అన్నాడు.

అంకమ్మ లేచి కూర్చుంది. అప్పటిదాకా ఆమెకి కోపం ఒక్కటే ఉంది. మొగుడి మొహం చూశాక, ఈ మచ్చ పేరేంటో, దాని పుట్టుపూర్వాలేంటో తెలుసుకోకుండా ఇంకొక్క పూట కూడా గడవకూడదనిపించింది.

"చొక్కా మార్చుకో. గుంటూరు పోదాం."

బ్రాడీపేటలో, ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో చర్మం డాక్టరు ఆసుపత్రి ఉంది. డాక్టరు పేరు జ్యోతిర్మయి. నలభై లోపు మనిషి. అంకమ్మ కుర్చీలో కూర్చుంటూనే చెయ్యి బల్ల మీద పెట్టి, "ఇది నన్ను చంపుద్దా అమ్మా? అది ముందు చెప్పండి, మిగతాది నిదానంగా వింటా" అంది.

డాక్టరు ఆ నల్ల బుడిపె మీద ఏదో జెల్లు రాసి, దీపం ఉన్న భూతద్దం ఒకటి ఆనించి, చాలాసేపు చూసింది. ఫోను దానికి తగిలించి ఫొటో తీసి, అంకమ్మ వైపు తిప్పింది. నేరేడు పళ్ళ గుత్తిని దగ్గరగా చూసినట్టు ఉంది. మధ్యలో పళ్ళు నల్లగా, అంచున ఉన్నవి ఇంకా ఎర్రగా.

"ఇవి సన్నటి రక్తనాళాలమ్మా. ఒకచోట ఉబ్బి ఇలా గుత్తి కట్టాయి. వయసు మళ్ళేకొద్దీ చాలామందికి వస్తాయి, హాని ఉండదు. మీ దాంట్లో ఏదో ఒత్తిడికి నెత్తురు గడ్డకట్టింది. అందుకే నల్లబడింది. నేను చూసినంతలో మిమ్మల్ని చంపేదేం కాదు."

"కుళ్ళు కాదా?"

"కాదు."

"పక్కవాళ్ళకి అంటుద్దా?"

"అంటదు."

"ఈ చేత్తో కాయ కోస్తే కాయకి?"

డాక్టరు నవ్వింది. "కాయకి కూడా అంటదు."

"మరి లోపల చచ్చిన నెత్తురుందన్నారుగా. అదేమైపోద్ది? ఎల్లకాలం అట్టాగే ఉంటదా?"

రాయబోతున్న చీటీ పక్కన పెట్టి డాక్టరు ఆమెకేసి చూసింది. "చర్మం అంటే ఊరికే కప్పుకున్న తోలు కాదమ్మా. అడుగున రోజూ కొత్త పొర పుడుతుంది, పాతది పైకి జరిగి పొట్టై రాలిపోతుంది. అలా ఎప్పుడూ పైకి నడుస్తూనే ఉంటుంది. లోపల పాడైన ముక్క ఏదన్నా ఉంటే, ఒక్కోసారి చర్మం దాని చుట్టూ పెరిగి, తన పొరల్లోకి లాక్కుని, తనతోపాటు పైకెత్తి, చెక్కులా ఎండబెట్టి బయటికి నెట్టేస్తుంది. అన్నిసార్లూ కాదు. మీ అంచు చూస్తే మాత్రం ఆ పని మొదలైనట్టే ఉంది."

అంకమ్మ చెయ్యి కళ్ళ దగ్గరికి తెచ్చుకుని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"అంటే నా తోలే కూర్చుని తాలు ఏరతంది!"

"ఏంటండీ?"

"ఏం లేదమ్మా. అది తాలని దానికెవరు చెప్పారు? దానికేం కళ్ళున్నాయా?"

"అది మాకూ ఇంకా పూర్తిగా తెలీదు" అంది డాక్టరు.

తరవాత ఆమె రెండు దారులు చెప్పింది. ఇప్పుడే మత్తు ఇచ్చి తీసేసి, ఆ ముక్కని పరీక్షకి పంపడం ఒకటి. నెలరోజులు చూడటం రెండోది. పెరిగినా, పుండు పడినా, నలుపు పక్కకి పాకినా మర్నాడే రావాలి. రాలినా రాలకపోయినా నెలకి వచ్చి చూపించాలి. రాలకపోతే అప్పుడు కోసి పరీక్షకి పంపాల్సిందే. "గిల్లొద్దు, సున్నం పెట్టొద్దు, దారాలు కట్టొద్దు" అని ముగించింది. జక్రయ్య పైన తిరిగే ఫ్యాను కేసి చూశాడు.

"కోయించుకో అంకమ్మా. పీడా పోద్ది" అన్నాడు, మెట్లు దిగకముందే.

"కోయిస్తే ఏమంటారో తెలుసా? కుళ్ళిన ముక్క కోయించుకొచ్చింది, వేరు లోపలే ఉంది అంటారు. వచ్చే ఏడు కూడా అదే అంటారు. నెల చూడొచ్చని డాక్టరమ్మే అంది. నా చెయ్యి పని అది చేసుకుంటంటే మధ్యలో నేనెందుకు ఆపాలి?"

"కోత నాటికి రాలకపోతే?"

అంకమ్మ చెయ్యి చూసుకుంటూ మెట్లు దిగింది. అదే ఆమెకీ తెలియనిది.

షెడ్డుకి తిరిగొచ్చిన రోజు నుంచి ఆమె కుడి చొక్కా చెయ్యి దించలేదు. మోచేతి పైదాకా మడిచి, ఊడిపోకుండా పిన్నీసు పెట్టింది. కల్లంలో ఘాటు చేతికెక్కి మండింది. రాత్రికి కొబ్బరినూనె రాసుకుంది గానీ చెయ్యి మాత్రం కప్పలేదు. "చూసేవాళ్ళు తిన్నగా చూడండి, కొనకళ్ళతో చూస్తే మెల్లకళ్ళొస్తయ్" అని ముఠాకి చెప్పింది. డాక్టరు చెప్పినదంతా చెప్పింది. సగంమంది నమ్మారు. సగంమంది ఆమె వండిన పప్పు తినకుండా పచ్చడి మెతుకులతో లేచారు. వాళ్ళ విస్తళ్ళ ముందు నిలబడి, "పప్పు మిగిలితే గేదెలకి పోస్తా, వాటికి మీ అంత తెలివి లేదు" అంది. ఎవరికీ నవ్వు రాలేదు. ఆ పూట ఆమె కూడా తినలేదు.

రోజులు గడిచేకొద్దీ బుడిపె ఎండింది. చుట్టూ తెల్లగా పొట్టు లేచింది. పదిహేడో రోజుకి మిరియపు గింజలా గట్టిపడి, చర్మానికి పైకి లేచి నిలబడింది.

"పెరిగింది" అంది సుబ్బరావమ్మ.

"పెరగలా. లేచింది" అంది అంకమ్మ.

ఇరవయ్యో రోజు వచ్చింది. అది రాలలేదు.

తెల్లవారుతూనే చేను గట్టున ముఠా మొత్తం నిలబడింది. మంచుకి తడిసిన పండుకాయలు సాళ్ళ నిండా మెరుస్తున్నాయి. జక్రయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఈ ఒక్కపూటకి చెయ్యి దించుకోవే. ఎవరూ చూడరు" అన్నాడు.

"చూడాలనేగా ఇన్నాళ్ళూ మండించుకుంది" అని ఆమె ముందుకు నడిచింది.

యలమందయ్య చేలో ఉన్నాడు. పక్కన శివపార్వతి కొంగు నడుముకి చెక్కుకుని నిలబడి ఉంది. ఆయన అంకమ్మ చెయ్యి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఉండనే ఉందిగా. మాటంటే మాటే. సుబ్బరావమ్మా, రా."

సుబ్బరావమ్మ ఒక అడుగు వేసి ఆగింది.

"ఉంది" అంది అంకమ్మ. "లేదని నేనన్నానా? ఒక్క మాట అడుగుతా చెప్పండయ్యా. కాయకుళ్ళు ఎటు తింటది? లోపలికా, బయటికా?"

"లోపలికి."

"ఇదెటు వస్తందో చూడండి. గట్టెక్కి కూర్చుంది. రండి, వేలు పెట్టి చూడండి."

ఆయన కదల్లేదు. "ఇక్కడి నుంచి కనపడుతుందిలే."

"కనపడదు. ముప్పై ఏళ్ళ నుంచి మిరప వేస్తన్నారు. చేతిలోకి తీసుకోకుండా, తిప్పి చూడకుండా ఒక్క కాయనన్నా తాల్లో వేశారా మీరు? మీ కాయకున్న పాటి విలువ నా చేతికి లేదా? ఇరవై ఏళ్ళు మీ చేలో తిరిగిన చెయ్యి ఇది. స్కూటరు మీద నుంచి చూసి పారేస్తారా?"

యలమందయ్య మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. అంతలో శివపార్వతి ముందుకు వచ్చి, అంకమ్మ చెయ్యి పట్టుకుని, ఆ నల్ల బుడిపెని బొటనవేలితో మెల్లగా తడిమింది.

"ఎండిపోయింది. చెట్టుబెరడు చెక్కులాగే ఉంది" అంది. ఇంకాసేపు చెయ్యి వదల్లేదు. తరవాత మొగుడి వైపు తిరిగి, మెడలో గొలుసు పక్కకి జరిపింది. మెడ ఎముక కింద మూడు ఎర్ర చుక్కలున్నాయి, కుంకుమ చిలికినట్టు.

"ఇవి నాకెప్పటి నుంచీ ఉన్నాయో మీకు తెలీదూ? నాలుగేళ్ళు. రేపు వీటిలో ఒకటి నల్లబడితే నన్ను కూడా షెడ్డులో కూర్చోబెడతారా? కూలి ఇస్తారా నాకూ?"

"అది వేరు, ఇది వేరు..." అన్నాడు యలమందయ్య.

"ఏంటో ఆ తేడా చెప్పండి. అందరం వింటాం."

యలమందయ్య చూపు సాళ్ళ మీదికి తిప్పుకున్నాడు. శివపార్వతి నడుము నుంచి కొంగు లాగి రెండు చేతులతో పరిచి పట్టుకుంది. "రా అంకమ్మా. ఎండెక్కుతోంది."

అంకమ్మ మొదటి చెట్టు దగ్గర వంగింది. గుప్పెడు కాయలు కుడిచేత్తో కోసి, ఆ కొంగులో పోసింది. వెనక్కి తిరిగి, "ఏం చూస్తన్నారే, సినిమానా? దిగండి సాళ్ళలోకి! సుబ్బరావమ్మా, పల్లపు మూల నువ్వు పట్టు. మచ్చ కాయలు వేరే సంచిలో వెయ్యి" అని కేక వేసింది. సుబ్బరావమ్మ మారు మాట్లాడకుండా ఆ మూలకి వెళ్ళింది.

బుడిపె రాలింది. నాలుగు రోజుల తరవాత, కాయలు ఎండబోస్తుండగా ఎప్పుడో రాలింది. ఎప్పుడన్నది అంకమ్మకే తెలీదు. చెయ్యి చూసుకుంటే అక్కడ గులాబిరంగు చర్మం, లేతగా, నున్నగా ఉంది. ఆడవాళ్ళంతా మూగి చూశారు. పప్పు తినని వాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువసేపు చూశారు. నెలకి బ్రాడీపేట వెళ్ళి చూపించుకుంటే, డాక్టరు మళ్ళీ అద్దం ఆనించి, "మీ చర్మం పని పూర్తి చేసుకుంది. మందేం అక్కర్లేదు" అంది. ఇంకోటి వస్తే మళ్ళీ చూపించమంది.

ఆఖరి కోత అయిపోయి, ఆఖరి టిక్కీ లారీకెక్కిన రోజు యలమందయ్య షెడ్డు దగ్గరికి వచ్చాడు. ముఠా మూటలు కట్టుకుంటోంది. ఆయన స్కూటరు దిగి, అంకమ్మ పక్కకి వచ్చి, అటూ ఇటూ చూసి, మెల్లగా అన్నాడు.

"వచ్చే ఏడు కూడా నువ్వే రా. ఆ రోజు నేను తొందరపడ్డాను."

"వస్తా" అంది అంకమ్మ. "కానీ నన్ను కూర్చోమన్న మాట ఇరవై రెండు మంది విన్నారయ్యా. ఈ మాట నా ఒక్కదాని చెవిలోనే వేస్తే ఎట్టా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. చుట్టూ మూటలు కట్టే చేతులన్నీ ఆగిపోయాయి.

"వచ్చే ఏడు మేస్త్రి అంకమ్మే" అన్నాడు. "తప్పు నాదే."

అప్పుడు వెనక వరస నుంచి సుబ్బరావమ్మ గొంతు లేచింది.

"అయ్యా, ఇక్కడికి వినబళ్ళేదు."

అంకమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యలమందయ్య ఒకసారి ఆకాశం కేసి చూసి, ఈసారి డొంక దాకా వినబడేలా మళ్ళీ చెప్పాడు.